ఆపరేషన్ ముందు రక్తం పలుచన చేసే మందులు: ఆపడమా, కొనసాగించడమా, ఇంజెక్షన్‌కు మారడమా

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో ఖర్చు గురించి, సెలవుల గురించి, ఆసుపత్రిలో తోడు ఎవరుండాలన్న దాని గురించి మాట్లాడుకుంటారు. రోజూ వేసుకునే రక్తం పలుచన చేసే మాత్ర సంగతి చివర్లో గుర్తుకొస్తుంది. "ఐదు రోజుల ముందు ఆపాలట" అని ఎవరో అంటారు, ఆపేస్తారు. ఏ మాత్రను ఐదు రోజులు ఆపాలో, దేన్ని రెండు రోజులు ఆపితే చాలో, దేన్ని అసలు ఆపకూడదో అడిగేవారు తక్కువ. మళ్లీ ఏ రోజు నుంచి వేసుకోవాలో అడిగేవారు ఇంకా తక్కువ.

హైదరాబాద్‌లో ఆసుపత్రి ఫార్మసీలో మందుల చీటీలు సరిచూసే పని నాది. ఆపే తేదీ కంటే మళ్లీ మొదలుపెట్టే తేదీ గురించే నాకు ఎక్కువ బెంగ. రక్తస్రావం జరిగితే చాలావరకు థియేటర్‌లోనో వార్డులోనో, డాక్టర్ల కళ్లెదుట జరుగుతుంది. గడ్డ మాత్రం తరచుగా ఇంటికి వెళ్లాక కడుతుంది. అప్పటికి రోగి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటాడు, కాలు వాస్తే ఆపరేషన్ వల్లే అనుకుంటాడు. అందుకే ఈ వ్యాసంలో చాలా మందులకు రెండు తేదీలూ చెబుతున్నాను. ఇవి సాధారణంగా పాటించే లెక్కలు. మీ విషయంలో తుది మాట సర్జన్, మత్తు డాక్టరు, ఆ మందు రాసిన గుండె డాక్టరు, ఈ ముగ్గురిది. ముగ్గురూ ఒకే మాట చెప్పేదాకా అడగడం మీ హక్కు.

సంచిలో ఏముందో ముందు చూడండి

"రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నారా?" అని అడిగితే లేదని చెప్పి, సంచిలోంచి గుండె మాత్రలంటూ అవే తీసి చూపించేవారు ఎందరో. నిజానికి ఈ మందులు రెండు జాతులు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటివి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తాయి. స్టెంటు వేసుకున్నవారు, గుండెపోటు వచ్చినవారు ఎక్కువగా వాడేవి ఇవి. వార్ఫరిన్, ఎసిట్రామ్, డాబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్, హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ల మీద పనిచేస్తాయి. కృత్రిమ వాల్వు, గుండె లయ తప్పడం, కాలి సిరలో గడ్డ లాంటి జబ్బులకు రాసేవి ఇవి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దగ్గర ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు మూడూ కలిపిన ఒకే క్యాప్సూల్ చాలామంది వాడతారు. డాక్టరు "క్లోపిడోగ్రెల్ ఆపండి, ఆస్పిరిన్ కొనసాగించండి" అన్నప్పుడు రోగి ఆ క్యాప్సూల్ ఆపేస్తే మూడూ ఆగిపోతాయి. స్టెంటు ఉన్న మనిషికి ఆస్పిరిన్ కూడా ఆగిపోవడం ప్రమాదం. అందుకని అట్ట వెనక సన్న అక్షరాలు చదవండి. చదవలేకపోతే అట్టనే తీసుకెళ్లి చూపించండి. అలాంటి క్యాప్సూల్ వాడుతున్నవారికి ఆస్పిరిన్ విడిగా, కొలెస్ట్రాల్ మాత్ర విడిగా కొత్త చీటీ రాయించుకోవాలి.

తూకం వేయవలసినవి రెండే

ఈ ఆపరేషన్‌లో రక్తం పోతే ఎంత నష్టం? మందు ఆపితే గడ్డ కట్టే అవకాశం ఎంత? మిగతా నిర్ణయాలన్నీ ఈ రెండింటి నుంచే వస్తాయి.

శుక్లాల ఆపరేషన్‌కు, ఒకటి రెండు పళ్లు తీయించుకోవడానికి, చర్మం మీద చిన్న కోతకు వార్ఫరిన్ ఆపనక్కర్లేదన్నది స్థిరపడిన పద్ధతి. కంటి పొర మీద చుక్కల మందుతో చేసే శుక్లాల ఆపరేషన్‌లో కోసే చోట రక్తనాళాలే ఉండవు. పన్ను తీసిన చోట ట్రానెక్సామిక్ యాసిడ్ నీళ్లతో పుక్కిలిస్తే రక్తం ఆగుతుంది. అయినా పన్ను పీకించుకోవడానికి వారం పాటు మందు మానేసి వచ్చేవారు కనిపిస్తూనే ఉంటారు. పన్ను చోట కారే నెత్తురు నొక్కిపెడితే ఆగుతుంది. మెదడులోకి వెళ్లిన గడ్డకు అలాంటి ఉపాయం లేదు.

హెర్నియా, పిత్తాశయం లాంటివి మధ్యస్తం. మోకీలు, తుంటి మార్పిడి, వెన్ను, మెదడు, ప్రొస్టేట్, పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లు, కిడ్నీ బయాప్సీ ఎక్కువ రక్తస్రావం జాబితాలోకి వస్తాయి. ఆపరేషన్ చిన్నదైనా నడుముకు సూది వేసి మత్తు ఇస్తే దాన్నీ పెద్ద జాబితాలోనే లెక్కిస్తారు. వెన్నుపాము చుట్టూ రక్తం చేరితే కాళ్లు పడిపోవచ్చు. అది అరుదు, కానీ గంటల్లో గుర్తించకపోతే తిరిగి రాదు. అందుకే మత్తు ఏ పద్ధతిలో ఇస్తారో ముందే తెలుసుకోవాలి. మందు ఆపే రోజుల లెక్క దాన్నిబట్టి మారిపోతుంది.

వార్ఫరిన్, ఎసిట్రామ్

ఇవి కాలేయంలో విటమిన్-కె పనిని అడ్డుకుంటాయి. ప్రభావం నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది. పెద్ద ఆపరేషన్‌కు వార్ఫరిన్ 5 రోజులు ఆపుతారు. బుధవారం ఆపరేషన్ అయితే చివరి మాత్ర అంతకుముందు గురువారం. మన దగ్గర వార్ఫరిన్ కంటే ఎక్కువ కనిపించే ఎసిట్రామ్, అంటే అసెనోకుమరాల్, శరీరంలో తక్కువసేపు ఉంటుంది కాబట్టి సాధారణంగా 2, 3 రోజులు ఆపితే సరిపోతుంది. రెండూ ఒకటే మందు అనుకుని ఎసిట్రామ్ కూడా ఐదారు రోజులు ఆపితే, అవసరం లేకుండా రెండు మూడు రోజులు రక్షణ లేకుండా గడిపినట్లే.

ఆపరేషన్ ముందురోజు, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. 1.5 లోపు ఉంటే ముందుకు వెళతారు. ముందురోజే ఎందుకంటే, ఎక్కువగా ఉంటే కొద్దిగా విటమిన్-కె ఇచ్చి దించడానికి ఒక రాత్రి మిగులుతుంది. ఉదయం థియేటర్ దగ్గర చూసుకుంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

మళ్లీ మొదలుపెట్టే విషయంలో ఈ పాత మందులకే ఒక సుగుణం ఉంది. ఆపరేషన్ రోజు రాత్రో మర్నాడో, మామూలు మోతాదులోనే మొదలుపెట్టవచ్చు. ప్రభావం రావడానికి ఎలాగూ కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా గాయం కుదుటపడుతుంది. ఎసిట్రామ్ మోతాదు చాలామందికి ఒకరోజు 2 మిల్లీగ్రాములు, మర్నాడు 3 అన్నట్లు ఉంటుంది. ఆ వరసను చీటీ మీద వారం పేర్లతో రాయించుకోండి. "పాత మోతాదే" అని రాసిన డిశ్చార్జి కాగితం ఎవరికీ పనికిరాదు.

ఆ తర్వాతి రెండు వారాలే జాగ్రత్తగా ఉండవలసినవి. పొట్ట ఆపరేషన్ల తర్వాత, పళ్ల డాక్టర్ల దగ్గర మెట్రోనిడజోల్ రాయడం మామూలే. అది వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతుంది. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ అయిన కోట్రైమాక్సజోల్ కూడా అంతే. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి విరుద్ధంగా ప్రభావాన్ని తగ్గించేస్తుంది. నొప్పి తగ్గడానికి డైక్లోఫినాక్ తోడైతే కడుపులో రక్తస్రావం భయం. దానికి తోడు ఆపరేషన్ అయిన మనిషి పథ్యమంటూ పాలకూర, తోటకూర, గోంగూర అన్నీ మానేసి చారన్నం మీదే ఉంటాడు. ఆకుకూరల నుంచి వచ్చే విటమిన్-కె తగ్గి ఐఎన్ఆర్ మరింత పైకి పోతుంది. ఆకుకూరలు మానడం పరిష్కారం కాదు, రోజూ దాదాపు ఒకే పాళ్లలో తినడం పరిష్కారం. డిశ్చార్జి అయిన వారంలోపే ఐఎన్ఆర్ మళ్లీ చూపించుకోవాలి. దగ్గర్లో మంచి ల్యాబు లేని ఊరి నుంచి వచ్చినవారు తిరుగు బస్సు ఎక్కేముందే ఆ పరీక్ష ఎక్కడ చేయించాలో తేల్చుకోవాలి.

కొత్త మాత్రలు: అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగట్రాన్

ఆపరేషన్ దృష్టితో చూస్తే ఇవి చాలా సులువు. రెండు నుంచి నాలుగు గంటల్లో పనిచేయడం మొదలుపెడతాయి, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి. ఐఎన్ఆర్ అక్కర్లేదు, మధ్యలో ఇంజెక్షన్లూ అక్కర్లేదు. 2019లో వెలువడిన పాజ్ అనే అధ్యయనంలో గుండె లయ తప్పిన 3,007 మందికి ఒకే సరళమైన లెక్క పాటించారు. తక్కువ లేదా మధ్యస్త రక్తస్రావం ఉండే ఆపరేషన్‌కు ముందు ఒక రోజు మానడం, ఎక్కువ ఉండేదానికి రెండు రోజులు మానడం. నెల రోజుల్లో పెద్ద రక్తస్రావం మూడు మందుల్లోనూ 2 శాతం లోపే ఉంది, పక్షవాతం లాంటివి 1 శాతం లోపు.

బుధవారం పిత్తాశయం ఆపరేషన్ అనుకుందాం. అపిక్సబాన్ చివరి మాత్ర సోమవారం రాత్రి. అదే బుధవారం మోకీలు మార్పిడి అయితే ఆదివారం రాత్రి. నడుముకు సూది వేస్తే మత్తు డాక్టర్లలో చాలామంది 72 గంటలు నిండాలంటారు, అప్పుడు మరికొంత ముందు ఆపాలి.

డాబిగట్రాన్‌కు మాత్రం కిడ్నీలు చూడాలి. ఈ మందులో దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 50 కంటే తక్కువ ఉంటే పెద్ద ఆపరేషన్‌కు నాలుగు రోజులు మానాలి, అంటే పైన చెప్పిన బుధవారానికి చివరి మాత్ర శుక్రవారం. మన నగరంలో ఆపరేషన్‌కు వచ్చే పెద్దవయసువారిలో మధుమేహం ఎంత సాధారణమో తెలిసిందే. క్రియాటినిన్ 1.2 అని చూసి కిడ్నీలు బాగున్నాయని అనుకోవద్దు. డెబ్బై ఐదేళ్ల సన్నటి మనిషిలో ఆ 1.2 అంటే క్లియరెన్స్ 50 కంటే తక్కువే కావచ్చు. వయసు, బరువు వేసి లెక్క కట్టమని అడగండి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇవి వార్ఫరిన్‌లా కావు. వేసుకున్న కొన్ని గంటల్లోనే పూర్తి బలంతో పనిచేస్తాయి. చిన్న ఆపరేషన్ తర్వాత 24 గంటలకు, పెద్దదాని తర్వాత 48 నుంచి 72 గంటలకు మొదలుపెడతారు. తొందరపడితే గాయం దగ్గర రక్తం చేరుతుంది. మర్చిపోతే శరీరంలో ఏ రక్షణా మిగలదు.

వీటిని అసలు ఎంచుకోకూడనివారూ ఉన్నారు. లోహపు కృత్రిమ వాల్వు ఉన్నవారికి డాబిగట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావాలు రెండూ పెరగడంతో ఆపేయవలసి వచ్చింది. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో కీళ్లవాత జ్వరంతో వాల్వు దెబ్బతిని, గుండె లయ కూడా తప్పినవారికి రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరహా మందే మేలని తేలింది. చిన్నప్పుడు ఆ జ్వరం వచ్చి వాల్వు పాడైనవారు మన రాష్ట్రాల్లో ఇంకా ఎందరో ఉన్నారు. "ఐఎన్ఆర్ బాధ ఉండదు, కొత్తది రాయండి" అని వాళ్లు పట్టుబట్టకూడదు.

మధ్యలో హెపారిన్ ఇంజెక్షన్లు: అందరికీ కాదు

వార్ఫరిన్ ఆపిన ఐదు రోజులూ బొడ్డు పక్కన రోజుకు రెండుసార్లు హెపారిన్ జాతికే చెందిన ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ వేయించుకుంటే భద్రం అన్నది చాలాకాలం నడిచిన నమ్మకం. ఇప్పటికీ కుటుంబాలు దాన్ని అడిగి మరీ రాయించుకుంటాయి. బ్రిడ్జ్ అనే అధ్యయనం 2015లో ఈ నమ్మకాన్ని పరీక్షించింది. గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడుతున్న 1,884 మందిలో సగం మందికి ఇంజెక్షన్ ఇచ్చారు, సగం మందికి మందు లేని ఇంజెక్షన్. గడ్డ వల్ల వచ్చే పక్షవాతం లాంటివి ఇంజెక్షన్ తీసుకోనివారిలో 0.4 శాతం, తీసుకున్నవారిలో 0.3 శాతం. తేడా లేనట్లే. పెద్ద రక్తస్రావం మాత్రం 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగింది. పేస్‌మేకర్ అమర్చేటప్పుడు వార్ఫరిన్ ఆపకుండా కొనసాగించినవారిలో గాయం దగ్గర పెద్దగా రక్తం చేరడం 3.5 శాతం ఉంటే, హెపారిన్‌కు మార్చినవారిలో 16 శాతం ఉందని 2013లో మరో అధ్యయనం చూపింది.

కాబట్టి గుండె లయ తప్పిన సాధారణ రోగికి నా సలహా సూటిగా ఒక్కటే: డాక్టరు ఇంజెక్షన్ రాయకపోతే పట్టుబట్టి రాయించుకోవద్దు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య, అంటే మిట్రల్ స్థానంలో, లోహపు వాల్వు ఉన్నవారు, గత మూడు నెలల్లో పక్షవాతం లేదా కాలి సిరలో గడ్డ వచ్చినవారు వేరు. వీరిలో కొందరికి ఇంజెక్షన్ అవసరమే. గడ్డ వచ్చి మూడు నెలలు నిండకపోతే, ఆగగలిగిన ఆపరేషన్‌ను వాయిదా వేయడమే అన్నిటికంటే మేలు. చికిత్స మోతాదు ఇంజెక్షన్ చివరిది ఆపరేషన్‌కు 24 గంటల ముందు పడాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఎనాక్సపారిన్ ఒంట్లో పేరుకుంటుంది, వారికి ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ద్వారా మామూలు హెపారిన్ ఇస్తారు. హెపారిన్ మొదలైన ఐదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే దాన్ని వెంటనే ఆపాలి. అరుదైన ఆ ప్రతిచర్యలో రక్తం పలుచన కావడానికి బదులు గడ్డలు కడతాయి.

మన నగరంలో తప్పకుండా చెప్పవలసిన మాట ఇంకొకటి. హెపారిన్, ఎనాక్సపారిన్ రెండూ పంది పేగు పొర నుంచి తయారవుతాయి. మత విశ్వాసం వల్లో శాకాహారం వల్లో ఇది తెలుసుకోవాలనుకునే కుటుంబాలు ఉన్నాయి, ఆ మాట ఆపరేషన్ బల్ల మీద తెలియడం న్యాయం కాదు. ఫాండాపారినక్స్ పూర్తిగా కృత్రిమంగా తయారయ్యే ఇంజెక్షన్. అయితే అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరాదు, దాన్ని విరిచే మందు లేదు. ముందే అడిగితే డాక్టర్లు ఏదో ఒక దారి ఆలోచిస్తారు. సిగ్గుపడకుండా అడగండి.

స్టెంటు వేసుకున్నవారు

ఇక్కడ మందు ఎంపిక కంటే తేదీ ఎంపిక ముఖ్యం. మందు పూసిన స్టెంటు వేసుకున్నాక ఆగగలిగిన ఆపరేషన్‌ను ఆరు నెలలు, గుండెపోటు వచ్చి వేసుకున్నదైతే ఏడాది వాయిదా వేయడం ఉత్తమం. క్యాన్సర్ లాంటి ఆగలేని కారణం ఉంటే మూడు నెలల తర్వాత గుండె డాక్టరుతో కలిసి ఆలోచిస్తారు. మొదటి నెల అత్యంత ప్రమాదకరం. ఆపవలసి వస్తే క్లోపిడోగ్రెల్ 5 రోజులు, టికాగ్రెలార్ 3 నుంచి 5 రోజులు, ప్రాసుగ్రెల్ 7 రోజులు. ఆస్పిరిన్ సాధారణంగా కొనసాగుతుంది, మెదడు, వెన్ను లాంటి ఆపరేషన్లలో తప్ప.

గుండెజబ్బు ఏమీ లేకుండా "ముందుజాగ్రత్త"గా ఆస్పిరిన్ వేసుకునేవారి సంగతి వేరు. 10,010 మందితో చేసిన పాయిజ్-2 అధ్యయనంలో ఆపరేషన్ సమయంలో ఆస్పిరిన్ ఇవ్వడం వల్ల గుండెపోట్లు తగ్గలేదు, రక్తస్రావం పెరిగింది. అలాంటివారు వారం ముందు ఆపవచ్చు.

మోకీలు, తుంటి మార్పిడి తర్వాత ఏది?

అంతకుముందు ఏ మందూ వాడనివారికి కూడా ఈ ఆపరేషన్ల తర్వాత గడ్డ కట్టకుండా కొన్నాళ్లు మందు ఇస్తారు. చవకైన ఆస్పిరిన్, ఎనాక్సపారిన్ ఇంజెక్షన్, రివరాక్సబాన్ 10 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి, లేదా అపిక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, వీటిలో ఒకటి రాస్తారు. ఆస్ట్రేలియాలో జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో మూడు నెలల్లో లక్షణాలతో కూడిన గడ్డలు ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో 3.45 శాతం, ఎనాక్సపారిన్ వాడినవారిలో 1.82 శాతం. కెనడాలో 2018లో మరో దారి చూశారు: మొదటి ఐదు రోజులు రివరాక్సబాన్, తర్వాత ఆస్పిరిన్. అందులో గడ్డలు 0.64 శాతం, పూర్తిగా రివరాక్సబానే వాడినవారిలో 0.70.

నాకు ఈ రెండో దారి నచ్చుతుంది. రోజూ ఇంజెక్షన్ వేసే మనిషి దొరకని ఇళ్లకు, ఖర్చు చూసుకోవలసిన కుటుంబాలకు అది సరిపోతుంది. ఇదివరకు గడ్డ వచ్చినవారికి, క్యాన్సర్ ఉన్నవారికి మాత్రం ఆస్పిరిన్ మీద ఆధారపడవద్దని చెబుతాను. ఏది రాసినా ఎన్ని రోజులో కాగితం మీద ఉండాలి. తుంటికి 35 రోజుల దాకా ఇస్తారు, మోకీలుకు కనీసం 10 నుంచి 14 రోజులు. నొప్పి తగ్గగానే అన్ని మాత్రలతో పాటు దీన్నీ మానేస్తారు, ఇంట్లోవారు అది గమనించాలి.

ఇంటికి వచ్చాక

ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, మూతి వంకరపోవడం, మాట తడబడటం గడ్డ లక్షణాలు. కట్టు పదేపదే తడిసిపోవడం, నల్లటి విరేచనం, ఎన్నడూ లేనంత తలనొప్పి రక్తస్రావానికి గుర్తులు. నడుముకు సూది వేసినవారిలో కాళ్లు బలహీనపడినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి దూరమని ఆగకండి, స్కానింగ్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

అనుకోకుండా, ప్రమాదంలోనో తుంటి విరిగో ఆపరేషన్ అవసరమైతే రోజుల లెక్కకు సమయం ఉండదు. వార్ఫరిన్‌కు విటమిన్-కె, గడ్డకట్టించే ప్రొటీన్ల గాఢద్రవం, ప్లాస్మా ఉన్నాయి. మామూలు హెపారిన్‌కు ప్రోటమిన్ పూర్తిగా, ఎనాక్సపారిన్‌కు కొంతవరకు పనిచేస్తుంది. డాబిగట్రాన్‌ను ఇడారుసిజుమాబ్ నిమిషాల్లో విరిచేస్తుంది, కానీ అది ఖరీదైనది. ఇవేవీ ఇవ్వాలన్నా డాక్టరుకు మొదట కావలసింది మందు పేరు, మోతాదు, చివరిసారి వేసుకున్న సమయం. ఆ మూడూ ఒక కాగితం మీద రాసి రోగి పర్సులో ఒకటి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో దాని ఫొటో ఒకటి ఉంచండి. మోతాదు మారిన ప్రతిసారీ పాత కాగితం చింపి కొత్తది రాయండి.